పలక వీపు మాండొలిన్

ఒంటిపూట బడి వదిలి రాజమ్మ టీచరు ఇంటికొచ్చేసరికి, మంచం మీద భర్త పక్కన ఉండాల్సిన మాండొలిన్ లేదు. దాని చోట నల్లటి కొత్త పెట్టె ఒకటి ఉంది. సంజీవరావు గోడవైపు మొహం తిప్పుకుని పడుకుని ఉన్నాడు.

"ఇదేంటి ఏసమ్మ పిన్నీ? మన మాండొలిన్ ఏదీ?"

పొద్దుటి పూట ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పక్కింటి ఏసమ్మ వసారాలో చింతపండు ఈనెలు తీస్తోంది. చేతులు దులుపుకుని లోపలికొచ్చింది. ఏదో పండగ కబురు చెప్పే ఉత్సాహం ఆమె మొహంలో.

"జార్జిబాబు తీసుకొచ్చాడమ్మా, బాపట్ల నుంచి ఎవరో పెద్దాయన్ని. కాలేజీలో పాఠాలు చెప్పి దిగిపోయాడంట. పాత మాండొలిన్లు ఎక్కడున్నా చూడ్డానికి పోతాడంట. మనది చూసి ఆయన పడ్డ సంబరం ఏం చెప్పమంటావు! ముందు చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. ఆనక పసిగుడ్డును ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర ఉంటుందే బుల్లి అద్దం, అది లోపలికి దూర్చి, టార్చిలైటేసి చూశాడు. వీపు మీద వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఇట్టాంటిది నా జన్మలో చూళ్ళేదండీ అన్నాడు."

"అన్నాడు సరే. ఏదీ?"

"పట్టుకుపోయాడమ్మా. ఊరికే పోలేదు, ఈ కొత్తది ఇచ్చే పోయాడు. మన చర్చి గుడికి కూడా కరెంటు పెట్టె ఏదో కొనిపెట్టాడంట, మట్టల ఆదివారం నాడు వాయిస్తారంట."

"ఎవర్నడిగి పట్టుకెళ్ళాడు?"

"ఎవర్నేంటి? నీ మొగుణ్ణే అడిగాడు. ఇస్తారా అని దగ్గర కూర్చుని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఈయన తల ఊపాడు. కళ్ళమ్మట నీళ్ళు కూడా పెట్టుకున్నాడు, సంతోషానికి."

రాజమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఏసమ్మ మీద మండి లాభం లేదు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయి, దాంతోపాటే మాట పడిపోయిన దగ్గర్నుంచీ సంజీవరావు దేనికైనా తల ఊపుతాడు. అన్నం తింటావా అంటే ఊపుతాడు, తిన్నావా అంటే ఊపుతాడు. పాస్టరుగారు ప్రార్థన చేయమంటారా అని అడిగినా, పాలబ్బాయి రేపట్నుంచి పాలు పొయ్యనన్నా ఒకే ఊపు. గంగిరెద్దు నయం, దానికి కాదు అనే ఊపు కూడా నేర్పుతారు. ఆయన నిజంగా అవునన్నది రాజమ్మకొక్కదానికే తెలుస్తుంది. ఆమె మణికట్టు పట్టుకుని ఎడమ బొటనవేలితో నొక్కుతాడు. అది అవును. నొక్కకపోతే కాదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మాట, ఊరికెందుకు?

ఆమె మంచం పట్టె మీద కూర్చుని, "ఏవండీ, మీరు ఇమ్మన్నారా?" అని చెయ్యి ముందుకు చాచింది. ఆయన ఎడమ చెయ్యి దుప్పటి కింద ఉంది. బయటికి రాలేదు.

ఇంకేం కావాలి? కాదనే కదా.

ఆ ఇంట్లో సాయంత్రం అంటే మాండొలినే. దీపాలు పెట్టే వేళకు ఆయన వీపు వెనక దిండ్లు పెట్టి లేపి కూర్చోబెట్టేది. ఒళ్ళో చపాతీల పలక పెట్టి, దాని మీద మాండొలిన్ను వెల్లకిలా పడుకోబెట్టేది. దాని వీపు బడిపిల్లల పలకలా చదును. అందుకే కదలకుండా, దొర్లకుండా పడి ఉండేది. ఆయన ఎడమ చేతి వేళ్ళు తీగలు నొక్కుతూ మెట్ల మీద నడిచేవి. కుడిచెయ్యి రాజమ్మది. సబ్బుపెట్టె మూతలోంచి కోసిన ప్లాస్టిక్ ముక్క పట్టుకుని, ఆయన కళ్ళలోకి చూస్తూ తీగలు మీటేది. మొదట్లో అంతా గోలగోలగా ఉండేది. పాత మూకుడు గీకినట్టుందే అని ఏసమ్మ నవ్వేది. రానురాను ఇద్దరి చేతులూ ఒకే మనిషివైపోయాయి.

అప్పుడే ఆ వింత జరిగేది. మంచినీళ్ళు కావాలని అడగలేని ఆ నోరు పాట అందుకునేది. కీర్తనలో మాటలు ఒక్కటి పొల్లుపోకుండా, ముద్దముద్దగానైనా, వరసగా వచ్చేవి. తెనాలి డాక్టరుగారిని అడిగితే అలా కొందరికి ఉంటుందమ్మా, మాట దారి వేరు, పాట దారి వేరు అన్నారు. దారి ఏదైతేనేం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూగగా పడి ఉన్న మొగుడి గొంతు ఆ కాసేపు వినపడేది. బళ్ళో ముప్పై మంది పిల్లలతో అరిచి అరిచి వచ్చిన ఆమెకు ఆ రోజు మొత్తానికి ఒక మనిషి మాట అదే.

ఈ మధ్య సన్నతీగ మీద ఆయన వేలు జారుతోంది. స్వరం బొంగురుపోతోంది. తీగలు చిలుం పట్టాయనుకుని ఆమె కొబ్బరినూనె గుడ్డతో తుడిచింది. తన మీటుడే సరిగా లేదనుకుని చేతిని కాస్త తేలిక చేసుకుంది.

ఆ సాయంత్రం కొత్తదాన్ని పెట్టెలోంచి తీసింది. మంచి వాద్యమే. కొత్త వార్నీషు వాసన, అద్దంలా మెరిసే చెక్క. కానీ దాని వీపు గుండ్రం, సొరకాయ బుర్రను నిలువునా కోసినట్టు. పలక మీద పెడితే ఇటు దొర్లింది. దిండు ఆనిస్తే అటు దొర్లింది. రాజమ్మ పాత చీర పేలిక మెలితిప్పి, కడవ కింద పెట్టే చుట్టకుదురు చేసి, దాని మీద కూర్చోబెట్టింది. నిలిచింది. కానీ ఎత్తయిపోయింది.

"అందుతుందా? కాస్త చెయ్యి పైకెత్తండి, నేను పట్టుకుంటాను."

సంజీవరావు చెయ్యి ఎత్తలేదు. దుప్పటి కిందే దాచుకున్నాడు. అన్నం పెడితే రోజూలా ఎడం చేత్తో చెంచా అందుకోలేదు. అలిగిన పిల్లాడిలా నోరు తెరిచాడు. ఆమే కలిపి ముద్దలు పెట్టింది.

"నా మీద అలకెందుకండీ? నేనిచ్చానా?" అంది. అని, ఏడ్చింది.

మర్నాడు బడి వదలగానే ఎండలో పడి జార్జి ఇంటికి వెళ్ళింది. జార్జి గుడి కమిటీకి సెక్రటరీ. ఊళ్ళో పెళ్ళయితే కుక్కలకు హడావిడన్నట్టు, గుడిలో సున్నం కొట్టినా అతగాడికి ఊపిరాడదు. వసారాలో కరెంటు వాద్యం అట్టపెట్టె విప్పుతున్నాడు.

"రా టీచరక్కా! చూడు, ఒక్క మీట నొక్కితే డోలు, ఇంకోటి నొక్కితే పిల్లంగోవి. అంతా సంజీవన్న చలవే."

"మా మాండొలిన్ నాకు తెప్పించు తమ్ముడూ."

జార్జి మొహంలో రంగు మారింది. "అదేంటక్కా, అన్న ఊ అన్నాకే గదా ఇచ్చాం. అయినా అది మిషను దొరసానమ్మ గారు వెళ్ళిపోతూ పాటల జట్టుకిచ్చింది. మీ మావగారు వాయించేవాడు గనక మీ ఇంట్లో ఉండిపోయింది. గుడి వస్తువు గుడికి పనికొచ్చింది. తప్పేముంది?"

"మీ అన్న దేనికైనా తల ఊపుతాడని నీకు తెలీదా? నిన్ను ఉరితీయమంటావా అంటే కూడా ఊపుతాడు. అడిగి చూడు."

"ఆదివారం పూటకి ప్రతిష్ఠ పెట్టుకున్నాం. ఇప్పుడు పెద్దమనిషి దగ్గరికెళ్ళి అది వెనక్కివ్వండి అని ఏ మొహంతో అడగను?"

"నీ మొహం అక్కర్లేదు. ఆయన ఇల్లెక్కడో చెప్పు."

శనివారం సెలవు పెట్టి, ఏసమ్మకు జావ ఎలా పట్టాలో చెప్పి, నల్లపెట్టె చంకనెత్తుకుని రేపల్లెలో పొద్దుటి పాసింజరు ఎక్కింది. ఊరు దాటితే అటూ ఇటూ కోసేసిన పొలాలు, మినుములు నూర్చిన కళ్ళాలు. పెట్టెను ఒళ్ళోంచి దించలేదు. వేమూరులో ఎక్కిన ముసలామె ఒకతె దాన్ని తడిమి, "ఏంటమ్మా ఇది, పిల్లను చూడబోతూ సొరకాయ తీసుకెళ్తున్నావా?" అంది. రైలు పెట్టెంతా నవ్వింది. రాజమ్మకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో నవ్వానని తనకే తోచి, కిటికీలోంచి బయటికి చూసింది.

తెనాలిలో బండి మారాలి. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటే సంజీవరావు జ్ఞాపకం వచ్చాడు. తెనాలి నాటకాలకు వాయించే రోజుల్లో, అవి ముగిసిన తెల్లవారుజాముల్లో ఇదే ప్లాట్‌ఫారం మీద, తువ్వాల్లో చుట్టిన మాండొలిన్ తలకింద పెట్టుకుని నిద్రపోయేవాడట. తలగడకు కూడా పనికొస్తుందోయ్ మన పలక వీపు అనేవాడు. ఆ వాద్యం గురించి బాపట్ల ఆయనకు చెప్పింది కూడా తెనాలి నాటకాలవాళ్ళేనట. మంచి పేరు కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది.

బాపట్లలో ఆ పెద్దాయన, యజ్ఞనారాయణ గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మాండొలిన్ల మాస్టారా అన్నాడు రిక్షా అతను. తలుపు తీసింది ఆయన భార్య అనంతలక్ష్మి గారు. రాజమ్మ చెమటలు కక్కుతున్న మొహం చూసి ముందు మంచినీళ్ళిచ్చింది. తర్వాత పెట్టె చూసి, "ఇంకోటా తల్లీ! మా ఇంట్లో మనుషులకు దుమ్ము పట్టినా వీటికి పట్టదు" అని నిట్టూర్చి లోపలికి పంపింది.

గది నిండా అద్దాల బీరువాలు. వాటిలో మాండొలిన్లు. బుర్ర వీపులవి కొన్ని, చదును వీపులవి ఎక్కువ. ఏ ఒక్కదానికీ తీగలు లేవు. తమది మాత్రం ఇంకా బీరువాలోకి ఎక్కలేదు. బల్ల మీద మెత్తటి పసుప్పచ్చ గుడ్డ పరిచి, బోర్లా పడుకోబెట్టి ఉంది. యజ్ఞనారాయణ దాని మీదికి వంగి, పొడి బ్రష్షుతో అంచుల్లో దుమ్ము దులుపుతున్నాడు. బక్కపలచటి మనిషి. రాజమ్మ తానెవరో చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"రండమ్మా, రండి! మీరే వచ్చారా? కూర్చోండి. నాకు రెండు రోజులుగా నిద్ర లేదంటే నమ్మండి. ఇటు చూడండి."

ఏమి చెప్పడానికి వచ్చిందో చెప్పే సందు ఇవ్వలేదు. చదును వీపు వాటిని ఒకప్పుడు చౌకరకం అనుకుని పారేశారని, అందుకే మిగిలినవంటే తనకు ప్రాణమని చెప్పాడు. అందులోనూ ఇది వింతల్లో వింతట. ముందువైపు మధ్యలో గుండ్రటి కన్నం ఉండాల్సిన చోట రెండు పక్కలా రెండు నెలవంకలున్నాయి. వీపు రెండు రంగుల చెక్కలు అతికి చేసింది. వాటి నడుమ దారప్పోగంత సన్నటి తెల్లగీత. ఆ గీత మెడ నుంచి అడుగుదాకా ఎక్కడా వంకరపోలేదు.

"ఇంత పని చేసినవాడు లోపల పేరు కూడా రాసుకోలేదమ్మా. అద్దం పెట్టి అంతా వెతికాను. ఎవరో మహానుభావుడు." వేలు ఇంకోచోటికి జరిపాడు. "ఇదిగో, ఇక్కడ కొద్దిగా అరిగింది చూశారా? దీన్ని ముట్టుకోను. మీవారి చొక్కా గుండీ రాసుకున్న చోటు ఇది. ఇది ఇలాగే ఉండాలి."

రాజమ్మకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ అరుగుడు తనూ చూసింది. గుండీ సంగతి తనకెప్పుడూ తట్టలేదు.

"మీరు వాయిస్తారాండి?"

ఆయన సిగ్గుపడ్డాడు. "నాకు సరిగమలు కూడా రావమ్మా. చూడ్డమే."

ఎవరి పిచ్చి వాళ్ళకానందం. రాజమ్మ వాద్యాన్ని వెల్లకిలా తిప్పి, తీగల్లేని మెట్ల మీద వేలు పెట్టింది. "తీగలేమైనాయండి?"

"విప్పేశానమ్మా. బిగించి ఉంటే ఆ లాగుడికి పైచెక్క ఉబికిపోతుంది. ఇక దీనికి నూరేళ్ళు భయం లేదు."

అప్పుడు చెప్పింది. తన కుడిచెయ్యి, ఆయన ఎడమచెయ్యి, ఒళ్ళో పలక, దొర్లిపోయిన కొత్తది, చుట్టకుదురు, అన్నీ. మాట లేని నోట పాట రావడం చివర్న చెప్పింది. యజ్ఞనారాయణ చేతిలో బ్రష్షు కింద పెట్టేశాడు.

"నేను మళ్ళీ మళ్ళీ అడిగానమ్మా. తల ఊపారు."

"ఆయన దేనికైనా ఊపుతారండి."

యజ్ఞనారాయణ వాద్యాన్ని మళ్ళీ బోర్లించాడు. వీపు మీది తెల్లగీత వెంట వేలు కొసతో, తగిలీ తగలనట్టు, ఒకసారి రాశాడు. తర్వాత లేచి సొరుగులోంచి తీగల చుట్టలు తీశాడు. "పట్టుకోండమ్మా మెడ. జంట తీగలు శ్రుతి కలవాలి, నాకు చేతకాదు, మీరే చూసి చెప్పాలి." ఆమె పట్టుకుంది. ఆయన ఒక్కొక్క తీగా మెడ చివరి మరకు చుట్టి తిప్పుతుంటే, చిటికెన వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. వాద్యం మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"నేనూ వస్తాను మీతో. నా చేత్తో తెచ్చినదాన్ని నా చేత్తోనే పెట్టి, క్షమించమని అడగాలి."

తిరుగు ప్రయాణంలో పాత వాద్యం ఆయన ఒళ్ళో ఉంది, ఆయన వెనక్కి పుచ్చుకోని నల్లపెట్టె రాజమ్మ ఒళ్ళో ఉంది. కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని మీదికి వచ్చేవి. రాజమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

రేపల్లెలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రేపటి పండగకు పిల్లలు ఈతమట్టలు ఈడ్చుకుంటూ వీధిలో పరుగెడుతున్నారు. గుడిలో జార్జి కొత్త వాద్యాన్ని పరీక్ష చేస్తున్నట్టున్నాడు, ఉండుండి డోలు మోగుతోంది.

సంజీవరావు గుమ్మం వైపే చూస్తున్నాడు. యజ్ఞనారాయణ చేతిలో మాండొలిన్ చూడగానే మొహం అదోలా అయిపోయింది. సంతోషమనుకుంది రాజమ్మ. గబగబా దిండ్లు పేర్చి, ఒళ్ళో పలక పెట్టి, మాండొలిన్ను పడుకోబెట్టింది. అది ఎప్పట్లా కదలకుండా ఆనుకుపోయింది. వచ్చినాయన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏవండీ, మాస్టారికి ఒకటి వినిపిద్దాం. ఆయన బీరువాల నిండా మాండొలిన్లు ఉన్నాయి. ఒక్కటీ పలకదు."

సంజీవరావు ఆమెను చాలాసేపు చూశాడు. దుప్పటి కిందనుంచి ఎడమచెయ్యి మెల్లగా బయటికి తీశాడు. వేళ్ళు మెట్ల మీదికి వెళ్ళాయి. ఆమె మీటింది.

మొదటి చరణం ఆయన గొంతులోంచి వచ్చింది. ముద్దగా, లోతుగా, మాట మాటా వరసగా. యజ్ఞనారాయణ కట్టుకున్న చేతులు విడిపోయాయి. రెండో చరణంలో సన్నతీగ బొంగురుపోయింది. తర్వాత పక్క తీగ. ఆ తర్వాత ఆమె మీటుతుంటే నొక్కని తీగలే మోగాయి. పాట ఆగింది.

"ఏమైందండీ?"

ఆయన చెయ్యెత్తి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. వేళ్ళు ముడవబోయాడు. రెండు ముడుచుకున్నాయి. చివరి రెండూ అలాగే నిలబడి వణికాయి. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే.

సన్నతీగ మీద జారిన వేలు, అందుకోని చెంచా, దుప్పటి కింద దాచిన చెయ్యి అన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. తీగలకు కొబ్బరినూనె రాసింది. తనను తాను తిట్టుకుంది. జార్జిని తిట్టింది. ఆ చేతిని మాత్రం తీసి చూడలేదు.

సంజీవరావు ఆ చేత్తోనే మాండొలిన్ను తోశాడు. పలక మీద అది నున్నగా జారి, స్టూలు మీద కూర్చున్నాయన వైపు వెళ్ళింది. తర్వాత ఆమె మణికట్టు వెతికి పట్టుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. ఆ నొక్కుడులో బలం లేదు. అయినా నొక్కాడు.

"గురువారం నాడు కూడా నిజంగానే ఊపారా? మీరే ఇమ్మన్నారా?"

మళ్ళీ నొక్కాడు.

రెండేళ్ళుగా ఊరంతటికీ ఉత్తుత్తిగా ఊపిన తల ఆ ఒక్క రోజు నిజంగా ఊపాడు. చెయ్యి పూర్తిగా పడిపోయేలోపు, దాని విలువ తెలిసినవాడు గుమ్మంలోకి వస్తే, ఇచ్చేశాడు. ఆయన తల ఊపుడు తనకొక్కదానికే అర్థమవుతుందనుకుంది రాజమ్మ. ఆమెకే అర్థం కాలేదు.

ఆమెకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "కుడిచెయ్యి నాది కదండీ! రెండేళ్ళు మీటాను. ఇచ్చేసేటప్పుడు నన్నొక్క మాట అడగొద్దా? నేను బళ్ళోంచి వచ్చేదాకా ఆగొద్దా?"

సంజీవరావు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తల ఊపాడు. అది ఏ ఊపో ఈసారి ఆమె తేల్చుకోదలుచుకోలేదు. పమిట కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది.

యజ్ఞనారాయణ తనవైపు జారి వచ్చిన వాద్యాన్ని ముట్టుకోలేదు. లేచి నిలబడ్డాడు. "అమ్మా, సగం మీది. మీరు ఊ అంటే తప్ప నేను దీన్ని తాకను."

రాజమ్మ ముక్కు తుడుచుకుంది. రేపు గుడిలో డోలు మోగుతుంది, పిల్లంగోవి మోగుతుంది. ఎల్లుండి బడికి వెళ్ళాలి. ఈయనకు ఇక ముద్దలు తనే పెట్టాలి. మాండొలిన్ను మళ్ళీ పలక మధ్యకు లాక్కుంది.

"మీకే ఇస్తానండి. ఆయన మాట తీసెయ్యను. కానీ ఇప్పుడు కాదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉంటుంది, తీగలతోటే ఉంటుంది. పైచెక్క ఉబికితే ఉబకనివ్వండి. తర్వాత తీగలు నేనే విప్పి, నేనే తెచ్చిస్తాను. బాపట్ల దారి తెలిసింది కదా."

యజ్ఞనారాయణ చేతులు జోడించాడు. కొత్తది, నల్లపెట్టెతో సహా, బడిపిల్లలకు ఉంచుకోమని చెప్పి మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగే చోట ఒకసారి ఆగి వెనక్కి చూశాడు.

లోపల రాజమ్మ ప్లాస్టిక్ ముక్క అందుకుంది. ఆయన చెయ్యి మెట్ల మీద పెట్టబోతే ఆయన పెట్టనివ్వలేదు. ఆమె మణికట్టు మీదే ఉంచాడు. ఆమె మీటింది. నొక్కే వేళ్ళు లేక తీగలన్నీ బాపట్లలో బిగించిన స్వరంలోనే మోగాయి. ఆగిపోయిన రెండో చరణం ఆమె ఎత్తుకుంది. కాసేపటికి ఆయనా పెదవులు కదిపాడు. చీకటి పడుతోందని ఏసమ్మ వచ్చి లైటు వేసి వెళ్ళింది.